టీ-త్రీ పూర్ అంటే ఏంది?

వడ్డేపల్లి దగ్గరి పత్తి చేనులో మొక్కలకు నేను కట్టిన చీటీలు మాయమవుతున్నాయని తెలిసిన రోజు నా అనుమానం నేరుగా కాకా మీదికే పోయింది. ఆ చేను ఆయనదే. కంచె పక్కన అయిదు వరసలు నా పరిశోధనకు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు కూడా నిండు మనసుతో ఇవ్వలేదు.

అప్పటికి నేను వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నాను. మాది గోపాల్‌పేట దగ్గర ఒక ఊరు. అమ్మా నాన్నా ఎండాకాలం పుణె వైపు కట్టడం పనులకు పోయేవారు. వానలు పడ్డాక అమ్మ గద్వాల వైపు విత్తనం కోసం వేసే సీడ్ పత్తి చేలకు క్రాసింగ్ పనికి వెళ్లేది. క్రాసింగ్ అంటే, రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట విప్పి, లోపలి పుప్పొడి భాగాన్ని బొటనవేలి గోటితో గీరి తీసేయాలి. మర్నాడు పొద్దున వేరే మడిలోని మగ పువ్వు తెంపుకొచ్చి దాని మీద రాయాలి. అది పట్టుకుంటే కాయ నిలుస్తుంది. లేకపోతే నాలుగైదు రోజుల్లో రాలిపోతుంది. అమ్మ ఆ నెలల్లో కుడి బొటనవేలి గోరు తీసుకునేది కాదు. ఆ పని మీదే పరిశోధన చేస్తానని నేను చెప్పినప్పుడు అమ్మ నవ్వి, "దీన్ల సదివేది ఏమున్నది?" అంది.

నా ప్రశ్న చిన్నది. పొద్దున ఏ గంటకు పుప్పొడి రాస్తే ఎక్కువ కాయ నిలుస్తుంది? అయిదు వరసలు, అయిదు వేళలు. ఎనిమిదికి మొదటి వరస, తొమ్మిదికి రెండోది, అలా పన్నెండు దాకా. కాగితాల్లో వాటి పేర్లు టీ-వన్ నుంచి టీ-ఫైవ్. అయిదుగురు ఆడవాళ్లు పనికి కుదిరారు. నేను మా గైడు సార్‌కు రాసిచ్చిన పద్ధతి ప్రకారం ఆ అయిదుగురూ రోజుకొక వరస మారుతూ ఉండాలి. రెండు రోజులు అలాగే చేశాం. ఎవరు ఏ వరసో తెలియక వాళ్లూ తికమకపడ్డారు, నేనూ తికమకపడ్డాను. మూడో రోజు, "ఎవరి వరస వాళ్లదే, సీజను అయిపోయేదాకా మారొద్దు" అని చెప్పేశాను. పని తేలికైంది. ఈ మార్పు సార్‌కు చెప్పలేదు.

మా సార్‌కు ఒక నియమం ఉండేది. పరిశోధన గురించి ఏం మాట్లాడినా ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఇంటి సంగతి, ఒంట్లో బాగోలేని సంగతి తెలుగులో చెప్పొచ్చు. చేను సంగతి వస్తే మాత్రం ఇంగ్లీషే. "రేపు వైవాలో నీకెవరూ తెలుగులో ప్రశ్న వేయరు" అనేవారు. డిగ్రీ దాకా నేను తెలుగు మీడియం. అందుకని ప్రతి శనివారం చేను నుంచి ఆయనకు చేసే ఫోనుకు ముందు రోజే, చెప్పాల్సిన వాక్యాలు నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. సార్ ఏం అడగొచ్చో ఊహించి వాటి జవాబులూ రాసుకునేదాన్ని. గద్వాలలో అద్దె గదిలో అద్దం ముందు చదువుకుని, మర్నాడు బస్సెక్కి చేనుకు వచ్చేదాన్ని.

చేనులో ఫోను సరిగా అందేది ఒక్క చోటే, మోటారు డబ్బా పక్క గట్టు మీద. ఆడవాళ్లు మధ్యాహ్నం సద్దులు విప్పుకుని కూర్చునేదీ అక్కడే. నేను నిలబడి, "సర్, గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్" అనగానే వాళ్ల మాటలు ఆగిపోయేవి. ఫోను పెట్టేసి తిరిగేసరికి అందరూ తలలు వంచుకుని తింటుండేవారు. వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకునేదాన్ని.

రాలిన పువ్వుల లెక్క మొదలయ్యాక ఒక చిక్కు వచ్చింది. మూడో వరస, అంటే పది గంటలది, బాగా నిలవాలి. నేను చదివిన పరిశోధన కాగితాలన్నీ ఆ వేళనే మంచిదన్నాయి. నా చేనులో అదే అన్నిటికంటే అధ్వాన్నంగా ఉంది. రెండు శనివారాలు వరసగా సార్‌కు అదే చెప్పాను. "సర్, టీ-త్రీ ఈజ్ పూర్. వెరీ పూర్, సర్. టీ-త్రీ ఫెయిల్డ్ అగైన్." కారణం ఏమిటని ఆయన అడిగితే తెలియదన్నాను.

మూడో వారం నుంచి చీటీలు తగ్గసాగాయి. పుప్పొడి రాసిన ప్రతి పువ్వు కింద నేను దారంతో ఒక చీటీ కట్టేదాన్ని. పువ్వు రాలిపోయినా చీటీ కొమ్మకే ఉంటుంది. దాన్ని బట్టే ఎన్ని నిలిచాయి, ఎన్ని పోయాయి అని లెక్క. నా పుస్తకంలో ఉన్నన్ని చీటీలు మూడో వరసలో కనిపించలేదు. గాలికి ఊడిపోయాయా అని వంగి నేలంతా వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు. ఇంకో వింత కూడా కనిపించింది. నేను ఎప్పుడూ దారానికి రెండు ముళ్లు వేస్తాను. మంచి కాయలున్న కొన్ని చోట్ల చీటీకి ఒకటే ముడి ఉంది. అక్షరాలు నావే. ముడి నాది కాదు.

అప్పుడే కాకా గుర్తొచ్చాడు. ఆయన మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "బిడ్డా, సీడు ఇచ్చే కంపెనీ ఆర్గనైజర్ మా తాన వారం వారం వస్తడు. నువ్వు వేరే కంపెనీ మనిషివని వానికి అనుమానమొస్తే వచ్చే ఏడు నాకు సీడియ్యడు. జర కనబడకుంట చేసుకో నీ పని." చీటీలు రంగురంగులుగా దూరానికే కనిపిస్తాయి. ఆర్గనైజర్ వచ్చే ముందు ఈయనే పీకేసి, ఆయన పోయాక తోచిన చోట కట్టేస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది.

ఊరికే అడిగినట్టు అడిగాను. "కాకా, చీటీలు కొన్ని కనిపించడం లేదు. మీరేమైనా చూశారా?"

ఆయన పైపు మూత బిగిస్తున్నవాడల్లా ఆగాడు. "నీ చీటీలు నాకెందుకమ్మా?" అన్నాడు. పైపు వదిలి నా వైపు తిరిగి, "నేనొకటి అడుగుత, చెప్పు. ఫోన్ల ఎవరికి చెప్తున్నవ్ మా చేను ముచ్చట? మాతోని మంచిగ తెలుగుల మాట్లాడుతవ్. చేను సంగతి రాంగనే ఇంగ్లీషుల వడ్తవ్. మాకు తెల్వకూడనిది ఏమున్నది దాంట్ల?"

"మా సార్ రూలు కాకా" అన్నాను.

"గట్లనా" అన్నాడు. నమ్మలేదని ఆ ఒక్క మాటతోనే తెలిసింది.

ఆ శనివారం గొంతు తగ్గించి సార్‌కు చెప్పాను. చీటీలు పోతున్నాయనీ, "ఐ హావ్ డౌట్ ఆన్ ద ఫార్మర్, సర్" అనీ. సార్ విని, జాగ్రత్తగా ఉండమన్నారు. తర్వాత, "బట్ టీ-త్రీ ఈజ్ ఇంప్రూవింగ్, నో?" అన్నారు. నిజమే. ఆ వారం లెక్కలో మూడో వరస బాగా పైకి వచ్చింది. కాగితాల్లో చదివినట్టే.

మర్నాడు నేను చేనుకు వెళ్లేసరికి మోటారు గదిలో ఉండాల్సిన, చీటీలూ దారాలూ పెట్టుకునే నా పెట్టె బయట గట్టు మీద ఉంది. కాకా దాని పక్కనే కూర్చున్నాడు.

"ఫార్మర్ అంటే నేనే గద?" అన్నాడు. "డౌట్ అంటే మాకు తెల్వదా? టీవీల రోజు వింటనే ఉంటం."

నా నోటికి వచ్చింది అబద్ధం. "మీ గురించి కాదు కాకా. రైతుల కష్టాల గురించి మా సార్‌కు ఒక డౌటు ఉంటే..."

"సరే" అని లేచాడు. "పెట్టె నీతోనే తీస్కపో. ఈడ ఏదన్న పోతె మళ్ల నా మీదికొస్తది."

ఆ రోజు బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని గద్వాలకు తిరిగి వచ్చాను. దారంతా కోపమే. తప్పు చేసినవాడే ఎదురు తిరుగుతున్నాడని అనుకున్నాను. పట్టుకోవాలని తీర్మానించుకున్నాను. రెండు రోజుల తర్వాత తొలి బస్సుకే వెళ్లి, మగ మొక్కల మడిలో, నడుము ఎత్తు పత్తి మధ్య కూర్చున్నాను. ఆకుల మీది మంచుకు చున్నీ తడిసిపోయింది. కాకా వస్తాడని కళ్లు మోటారు గది మీదే పెట్టాను.

ఎనిమిది కాకముందే వచ్చింది మూడో వరస అక్క.

అయిదుగురిలో పెద్దది ఆమె. కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి కోడలుగా వచ్చిందట, మాట మధ్యలో "అవునా" అనడానికి కన్నడంలో "హౌదా" అనేది. తక్కువ మాట్లాడేది. నేరుగా తన వరసలోకి వెళ్లింది. వంగి, పువ్వు రాలిపోయిన చోటల్లా చీటీ విప్పి నడుముకున్న సంచిలో వేసుకుంది. వాటిలో కొన్ని తీసి, చీటీ లేకుండా వాటంతట అవే నిలిచి ఉన్న కాయల కింద కట్టింది. ఎడమ చేత్తో, పళ్లతో దారం పట్టుకుని, ఒక్క ముడి.

నేను లేచి నిలబడ్డాను. ఆమె కెవ్వుమంది. నన్ను గుర్తుపట్టాక పారిపోలేదు. సంచి మూతి మూసి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు చేస్తున్నావక్కా? ఎవరు చేయమన్నారు? కాకానా?"

"ఎవ్వరు జెప్పలె."

"మరి?"

ఆమె నా వైపు సూటిగా చూసింది. "టీ-త్రీ పూర్ అంటే ఏంది? చెప్పు నువ్వు ముందు."

"అది..."

"నా వరసకు మూడో నంబరు నువ్వే పెడితివి. కట్టెకు రాసి పాతితివి. ఫోన్ల ఆ సార్‌కు టీ-త్రీ పూర్, టీ-త్రీ ఫెయిల్ అని చెప్తివి. ఒక్కసారి గాదు, రెండుసార్లు. పూర్ అంటే అందరికి తెల్సు. ఫెయిల్ అంటే ఇంకా తెల్సు. నన్ను పనిల నుంచి తీసెయ్యనీకే గద గదంతా?"

నేను వెంటనే చెప్పబోయాను. అది నీ గురించి కాదక్కా, పది గంటల వేళ గురించి, ఆ వేళకు రాస్తే కాయ తక్కువ నిలుస్తోందని. తెలుగులో ఆ మాట చెబుతుండగానే ఆమె అడ్డొచ్చింది.

"పది గంటలకు రాసేది ఎవరు? నేనే గద. ఎనిమిదికి నేను రాయలె, పన్నెండుకు నేను రాయలె. మరి చెడ్డది పొద్దా, నా చెయ్యా? నీకెట్ల తెల్సు?"

వరసకొక మనిషిని కట్టేశాను. ఇప్పుడు ఏ వరస బాగున్నా, బాగోలేకపోయినా అది వేళ వల్లనో మనిషి వల్లనో చెప్పే దారి లేదు. ఎమ్మెస్సీలో మార్కుల కోసం నేనే రాసిన పాఠం అది. వారాల తరబడి ఇంగ్లీషులో టీ-త్రీ, టీ-త్రీ అంటూ పోయాను కానీ, ఆ పేరు వెనక ఒక మనిషి చేతులున్నాయని తోచలేదు.

"చెయ్యి చూపించు" అన్నాను, ఎందుకో.

సంచి నేల మీద పెట్టింది. తర్వాత కుడి చేతికి చుట్టిన గుడ్డ పేలిక విప్పింది. బొటనవేలి గోరు నల్లబడి సగం లేచిపోయి ఉంది. చుట్టూ వాచి చీము పట్టింది. సీజను మొదట్లోనే గోరు చీలిందట. చెబితే వేరేవాళ్లను పెట్టుకుంటారని చెప్పలేదు. ఎడమ చేత్తో మొగ్గలు విప్పుతోంది. అలవాటు లేని చేయి, సగం మొగ్గలు లోపల నలిగిపోతున్నాయి.

"పొద్దుది తప్పు లేదు" అంది నేల చూస్తూ. "చెయ్యే. నాకు తెల్సు. గని నువ్వు గట్ల ఇంగ్లీషుల జెప్తుంటే నాకు మండింది."

ఆమె అరుపు విని కాకా వచ్చాడు. ఇక దాచడానికేమీ లేదు. చీటీల సంగతి, నా వరసల సంగతి, ఫోనులో ఆయన గురించి నేనన్న మాట, అన్నీ తెలుగులో చెప్పాను. ఆయన విన్నాడు. "మొకం మీద అడిగితె చెప్పకపోదునా?" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "దవాఖానకు పో ముందు" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని ఆయనే తీసుకెళ్లాడు.

ఆ తర్వాత వచ్చిన శనివారం గురించి ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది. నేను ఏమీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మూడో వరస లెక్క ఇప్పుడు కాగితాల్లో ఉన్నట్టే ఉంది, సార్ సంతోషంగా ఉన్నారు. శనివారం దాకా ఆ ఆలోచనతోనే ఉన్నాను. ముందు రాత్రి నోటు పుస్తకంలో, "టీ-త్రీ హాజ్ స్టెబిలైజ్డ్" అని రాసి కూడా పెట్టుకున్నాను. ఆడవాళ్లు సద్దులు విప్పుకుని కూర్చున్న గట్టు మీద ఫోను చేశాక, ఆ వాక్యం చదవలేకపోయాను. వాళ్లు తినడం ఆపి నన్నే చూస్తున్నారు.

"సర్, ఇవాళ తెలుగులో చెప్పొచ్చా?" అన్నాను.

"చెప్పు" అన్నారు.

చెప్పాను. అంతా అయ్యాక ఆయన కూడా తెలుగులోనే అడిగారు. "వరసకొక మనిషిని పెట్టమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సర్."

"ప్రతి వారం 'యాజ్ పర్ ప్లాన్' అన్నావు కదమ్మా."

"అన్నాను సర్."

"ఈ సీజను పోయింది" అని ఫోను పెట్టేశారు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ వారం నుంచి నా నోటు పుస్తకంలోని ప్రతి పేజీని ఫొటో తీసి అదే రోజు పంపమన్నారు. పంపిన వాటిని నిజంగానే చూసేవారు. ఒక అంకె కొట్టేసి మళ్లీ రాస్తే, ఎందుకు కొట్టేశావని అడిగేవారు. నేను పరిశోధన ముగించేదాకా అది ఆగలేదు. విభాగంలో నా సెమినారు అయినప్పుడు, నా లెక్కల కాగితాలను మరో అధ్యాపకుడి చేతికిచ్చి ముందే చూడమన్నారు. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

మరుసటి ఏడు కాకా మళ్లీ అయిదు వరసలు ఇచ్చాడు, షరతులు పెట్టి. ఫోనులో ఏం చెప్పబోతున్నానో ముందు వాళ్లందరికీ తెలుగులో చెప్పాలి. తర్వాత ఫోను స్పీకర్‌లో పెట్టాలి. సార్ ఒప్పుకున్నారు. వరసలకు నంబర్లు తీసేసి గంటలు రాశాం. ఆడవాళ్లు రోజూ వరస మారారు. ఎవరు ఎక్కడ ఉండాలో నేను తికమకపడితే మూడో వరస అక్కే సర్దేది. ఆమెకు కొత్త గోరు వచ్చింది. అయినా శనివారం ఫోను పెట్టేశాక, "నువ్వు మాకు చెప్పిందే చెప్పినవా? ఇంకేమన్న కలిపినవా?" అని అడగకుండా వదిలేది కాదు. స్పీకర్‌లో విన్నా సరే. ఒకసారి నేను "హ్యుమిడిటీ" అనే మాట ముందు చెప్పడం మరిచిపోతే, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

పది గంటల వేళ మంచిదేనని ఆ ఏడు తేలింది. తొమ్మిదికీ పదికీ పెద్ద తేడా లేదు. పదకొండు దాటితే కాయ తగ్గింది.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మొదటి సీజను ఎందుకు వదిలేశారని అడిగారు. "ఆపరేటర్ ఎఫెక్ట్, సర్" అన్నాను, అంటే పని చేసిన మనిషిని బట్టి వచ్చిన తేడా అని. ఎలా కనిపెట్టారన్నారు. "వన్ ఆఫ్ ద వర్కర్స్ టోల్డ్ మీ, సర్" అన్నాను. ఆయన కళ్లజోడు మీదుగా మా సార్ వైపు చూశారు. "టోల్డ్ హర్?" అన్నారు. సార్ తల ఊపారు. ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. అదేమిటో నాకు తెలియదు. డిగ్రీ ఇచ్చారు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఉద్యోగం దొరికాక నా థీసిస్ పుస్తకం ఒక ప్రతి పట్టుకుని వడ్డేపల్లి వెళ్లాను. కాకా దాన్ని చేత్తో తూచినట్టు పట్టుకుని, రెండు బొమ్మలు చూసి పక్కన పెట్టాడు. మూడో వరస అక్క మాత్రం చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"దీంట్ల నా ముచ్చట యాడున్నది?"

ఆ పేజీ తీసి చూపించాను. మొదటి సీజను గురించి ఆరు పంక్తులు.

"సదువు."

తెలుగులో చెప్పుకుంటూ చదివాను. ఆమె చెంగు సర్దుకుని, తన ఫోను తీసి ఆ పేజీకి ఫొటో తీసింది. "మా చిన్న బిడ్డ డిగ్రీ సదువుతుంది. దానితోని సదివిపిస్త. నువ్వు చెప్పింది, గాడ రాసింది ఒక్కటేనో కాదో చూడాలె గద" అంది.

వారం తర్వాత ఆ అమ్మాయి నాకు ఫోను చేసింది. "మేడమ్, అమ్మ అడగమంటుంది. ఇందులో ఆపరేటర్ అని రాసింది మా అమ్మనేనా?"

అవునన్నాను.

వెనక నుంచి గొంతు వినిపించింది. అమ్మాయి అది విని మళ్లీ నాతో అంది: "మరి పేరెందుకు రాయలేదు అంటుంది."

అలాంటి పుస్తకాల్లో పనివాళ్ల పేర్లు రాయరమ్మా, పద్ధతి అది అన్నాను. ఆ అమ్మాయి ఫోను పక్కకు తీసి తల్లికి చెప్పింది. అవతలి నుంచి "హౌదా" అన్న మాట ఒక్కటే వినిపించింది, నమ్మని గొంతుతో.